గాడిలో నిలిచిన నీళ్ళు

కలెర్వో మొయిలనెన్ బండి దిగి నేలను పొడిచి చూసేవాడు. అందుకోసం సీటు వెనక ఒక ఇనప చువ్వ ఉండేది. బొటనవేలంత లావు, నడుమెత్తు. పొద్దున పని మొదలుపెట్టే ముందు పొడిచేవాడు. కాఫీ తాగాక పొడిచేవాడు. ఎండ కాస్త వేడెక్కితే మళ్ళీ దిగి పొడిచేవాడు. చువ్వ జానెడు దిగి ఠక్కున ఆగితే నేల చలికి గడ్డకట్టి ఉన్నట్టు. బండి పోవచ్చు. ఆగకుండా దిగితే పోకూడదు.

మేమిద్దరం పంతొమ్మిదేళ్ళు కలిసి అడవిలో పనిచేశాం. నేను కోత యంత్రం నడిపేవాణ్ణి. చెట్టును పట్టి, కోసి, మండలు ఒలిచి, దుంగలుగా తెగ్గోసి పక్కన పడేసుకుంటూ ముందుకు పోయేవాణ్ణి. కలెర్వో నా వెనక దుంగల బండిలో వచ్చి వాటిని ఎత్తుకుని రోడ్డు దాకా చేరవేసేవాడు. నేను ఒక చోటికి ఒకసారే పోతాను. అతను అదే దారిన పదిసార్లు, ఇరవైసార్లు, నిండు బరువుతో తిరగాలి.

అందుకని నేను ఒలిచిన మండల్ని నా చక్రాల ముందే పరుచుకుంటూ పోవాలి. అది మా పనిలో మర్యాద. వెనక వచ్చేవాడికి వేసే పరుపు అది. స్ప్రూస్ చెట్ల మండలు మోకాలెత్తు పరిస్తే మెత్తటి నేల మీద కూడా బండి తేలిపోతుంది.

కలెర్వో వాళ్ళ నాన్న గుర్రంతో దుంగలు లాగించేవాడు. గుర్రం మెత్తటి నేల మీద కాలు పెట్టదు, తోలినా కదలదు. "యంత్రానికి ఆ తెలివి లేదు, అందుకే చువ్వ," అన్నాడు కలెర్వో ఒకసారి. అతను నాతో ఆడిన పెద్ద మాటల్లో అదొకటి.

కలెర్వో తిరిగిన దారిలో మరుసటి వేసవికే నీలం బెర్రీలు కోసుకోవచ్చని ఊళ్ళో అనేవాళ్ళు. అడవి ఉన్నవాళ్ళు కంపెనీకి ఫోన్ చేసి అతన్నే పంపమనేవాళ్ళు. ఆ మాటలకి అతను ఏమీ అనేవాడు కాదు. కాని అలాంటి మాట విన్న రోజు ఇంటికి పోయేటప్పుడు కారు కాస్త నెమ్మదిగా నడిపేవాడు. పక్కన కూచునేవాణ్ణి కాబట్టి నాకు తెలుసు.

పెళ్ళి చేసుకోలేదు. కైసలంపి సరస్సు ఒడ్డున, అక్క ఎల్మా ఇంటికి వంద గజాల దూరంలో చిన్న ఇల్లు. అక్క పోయాక ఆ ఇంట్లో ఆమె కూతురు రీక్కా ఉంటోంది. బడి పిల్లల్ని దించే టాక్సీ నడుపుతుంది. ఆమె మొగుడు దూరప్రాంతాల లారీ మీద ఉంటాడు, ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువ.

మంచు కరగగానే కలెర్వో సరస్సులో తీగబుట్ట వేసేవాడు. పైక్ చేపలు పడేవి. తనకొకటి ఉంచుకుని మిగతావి శుభ్రం చేసి, సంచుల్లో పెట్టి, ఇంటింటికీ తలుపు పిడికి తగిలించి పోయేవాడు. తలుపు కొట్టడు. పిడికి సంచీ వేలాడుతుంటే కలెర్వో వచ్చి వెళ్ళినట్టు. మా ఇంటి పిడికీ తగిలించేవాడు. అక్క ఇంటికి మాత్రం వారం తప్పేది కాదు.

*

ఒక ఏడు మార్చిలో కైసలంపి పైనున్న వాలులో పని. చెట్లన్నీ కొట్టెయ్యాలి. వాలు అడుగున ఒక సన్నటి వాగు. బురదనేల మీదుగా పారి సరస్సులో కలుస్తుంది. దుంగలు వాగు దాటించి రోడ్డుకి తేవాలి. మండలు పరచొద్దని, వేరుగా కుప్పలు వేయమని కంపెనీ నించి నాకొచ్చిన కాయితంలో ఉంది. పట్నంలో ఇళ్ళకి వేడినీళ్ళు పంపే పెద్ద బాయిలరుకి కట్టెలుగా వాటిని అమ్ముకుంటారు. మట్టి అంటితే తీసుకోరు.

పన్లోకి దిగిన నాలుగో రోజు గాలి తిరిగింది. రాత్రికి చలి రాలేదు. పొద్దున్నే రేడియోలో కలెర్వో గొంతు.

"ఎస్కో, చువ్వ దిగిపోతోంది."

"ఎంత?"

"ఆగట్లేదు."

నేను ఒక చెట్టు కోత మధ్యలో ఉన్నాను. కోసి పడేశాక అడిగాను. "అయితే?"

"మండలు వెయ్యి."

"కుప్పలు వెయ్యమని ఉంది కాయితంలో."

"కాయితం వచ్చి బండి తోలుతుందా?"

"నన్నేం చెయ్యమంటావు? చక్రాల కింద వేస్తే వాళ్ళు తీసుకోరు."

కాసేపు రేడియో గరగరమంది. "వాగు దగ్గరైనా వెయ్యి," అన్నాడు.

వేస్తాననలేదు, వెయ్యననలేదు. నేను అప్పటికే వాగు దాటి పైకి పోయాను. వెనక్కి రావాలంటే అరపూట. రాలేదు.

కంపెనీ మనిషి ఫోన్ చేశాడు. కలెర్వో బండి ఆపి, తలుపు తీసి, మెట్టు మీద నిలబడి మాట్లాడాడు. నేనూ కాఫీకి దిగి అక్కడే ఉన్నాను. ఫోన్‌లో గొంతు నాకూ వినపడుతోంది.

"నాలుగు రోజులు ఆగితే చలి తిరిగొస్తుంది," అన్నాడు కలెర్వో.

"రాకపోతే? మంచు కరుగుతోందని ఎల్లుండి నించి ఆ రోడ్డు మీద బరువు బళ్ళు తిరగనివ్వరు. దుంగలు వేసవి దాకా అక్కడే పడుంటాయి."

"నేల మెత్తగా ఉంది."

"నువ్వు నేల మీద ఎక్కడ నడుస్తావయ్యా, గాల్లో తేలతావని ఊరంతా చెప్తుంది. తేలు మరి."

కలెర్వో ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నా వంక చూశాడు. నేను కాఫీ కప్పు మంచులో విదిలించాను.

వాగుకి అడ్డంగా ఐదు దుంగలు వేసి తోలాడు. మూడో విడతకి దుంగలు బురదలోకి దిగిపోయాయి. మరో నాలుగు వేశాడు. అవీ పోయాయి. పదహారు విడతలు అలాగే దాటాడు. చువ్వ ఆ రోజు మళ్ళీ బయటికి తియ్యలేదు. సాయంత్రానికి చక్రాల గాడులు నడుము లోతు. వాగు తన దారి వదిలేసి గాడిలో పారుతోంది, కాఫీ రంగులో.

కారులో ఇంటికి వచ్చేటప్పుడు ఇద్దరం మాట్లాడుకోలేదు. మామూలుగా కూడా మాట్లాడుకోం. కాబట్టి తేడా లేదని నాకు నేనే చెప్పుకున్నాను.

జూన్‌లో అతను ఒక్కడే పార పట్టుకుని అక్కడికి పోయాడు. రోడ్డు మీంచి కనపడే ముప్పై అడుగుల గాడిని పూడ్చి, పైన నాచు తెచ్చి పరిచాడు. మలుపు అవతల ఉన్నదాన్ని ముట్టుకోలేదు. నేను ఆ దారిన పోతూ చూశాను. కారు ఆపలేదు.

*

ఆ పని తర్వాత ఐదో వేసవిలో మీర్యా అనే పరిశోధకురాలు ఊరికి వచ్చింది. ముప్పై దాటి ఉంటాయి. కాళ్ళకి ఒక కొలత పెద్ద రబ్బరు బూట్లు. సరస్సు తెలిసిన మనిషి కావాలని దుకాణంలో అడిగితే కలెర్వో ఇల్లు చూపించారు. అతను నాకు ఫోన్ చేశాడు.

"నువ్వూ రా. తెడ్డు వెయ్యాలి."

తెడ్డు అతను నాకంటే బాగా వేస్తాడు. ఎందుకు పిలిచాడో అడగలేదు.

రెండు రోజుల్లో పరీక్షకని ఐదు పైక్‌లు పట్టి ఇచ్చాం. మూడో రోజు వాగు చూపించమంది. వాగు వెంట పైకి నడిచాం, మలుపు అవతలికి. గాడులు అలాగే ఉన్నాయి. నల్లటి నీళ్ళు, పైన నూనెలాంటి మెరుపు, అంచుల్లో పసుపు నాచు. ఆమె మోకాళ్ళ మీద కూచుని చిన్న చిన్న సీసాల్లోకి నీళ్ళు పట్టింది. నేను మూతలు బిగిస్తున్నాను.

"దేనికోసం?" అన్నాడు కలెర్వో.

"పాదరసం."

"ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీ ఏదీ లేదే."

"ఉండక్కర్లేదండీ. ఎక్కడో దూరాన బొగ్గు కాల్చారు, వందేళ్ళపాటు. గాల్లో వచ్చి కొంచెం కొంచెంగా పడింది. నాచూ ఆకుమట్టీ పట్టుకుని కూచున్నాయి. అడవిని కదపనంత కాలం చాలావరకు అక్కడే ఉంటుంది."

"కదిపితే?"

"చెట్లు నీళ్ళు తాగేవి కదా. కొట్టేశాక తాగేవాళ్ళు లేరు. నేలలో నీళ్ళు పైకొస్తాయి. దాని మీద ఇదిగో ఇలాంటి గాడులు. గాలి ఆడని నీళ్ళు. వీటిలో కంటికి కనపడని క్రిములు ఆ పాదరసాన్ని వేరే రూపంలోకి మారుస్తాయి. ఆ రూపం ఒంట్లోకి పోతే తొందరగా బయటికి రాదు. నీటిపురుగు తింటుంది, పురుగుని చిన్న చేప తింటుంది, చిన్న చేపని పైక్."

"పైక్‌ని మేం," అన్నాను. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

"ప్రతి నరుకుడులోనూ ఇలా జరగదు," అంది మీర్యా. "కొన్నిచోట్ల ఏమీ మారదు. అందుకే కొలుస్తున్నాం. ఇక్కడ మాత్రం..." చేతికర్ర గాడిలోకి దించింది. నడుము దాకా దిగింది. "మండలు ఒక్కటీ పరచలేదు. వాగులోంచే తోలారు. ఎవరు తోలారో తెలుసా?"

నేను కలెర్వో వైపు చూడలేదు.

"దక్షిణాది వాళ్ళెవరో," అన్నాడు. "కాంట్రాక్టుకి వచ్చారు."

"అంతేలెండి. ఇక్కడి నేల తెలియనివాళ్ళు," అంది ఆమె జాలిగా, అతన్ని ఊరడిస్తున్నట్టు.

నేను బిగించిన మూతనే మళ్ళీ బిగించాను.

*

రీక్కాకి అప్పుడు ఐదో నెల.

అంతకు ముందు మే నెలలో ఆసుపత్రి నర్సు ఆమెకో కాయితం ఇచ్చింది. కడుపుతో ఉన్నవాళ్ళు పైక్ తినకూడదని అందులో ఉంది. దాన్ని తెచ్చి మేనమామకి చూపించింది. కలెర్వో కళ్ళజోడు పెట్టుకుని చదివి మడిచి ఇచ్చేశాడట.

"ఇవి ఫ్యాక్టరీలున్న దక్షిణాది నీళ్ళ కోసం రాసేవే. మన సరస్సులో ఏముంది, పైనంతా అడవి. నువ్వు కడుపులో ఉన్నప్పుడు మీ అమ్మ రోజూ తిన్నది. నీకేమైంది, నోరు తప్ప?"

మా వైపు ఎవరైనా అదే మాట అంటారు. నేనూ అనేవాణ్ణి. పొగగొట్టం కనపడని చోట నీళ్ళు మంచివని మా నమ్మకం. రీక్కా నవ్వి తినేసింది. మేమంతా తిన్నాం. ఆమె ఎక్కువ తిన్నది. ఆమెకి ఎక్కువ ఇచ్చాడు.

మీర్యా వచ్చి వెళ్ళిన తర్వాత కూడా సంచీ రీక్కా తలుపు పిడికి వేలాడుతూనే ఉంది. వారం తప్పలేదు. ఆగస్టు చివర్లో ఒక రోజు నేను కలెర్వో ఇంట్లో కాఫీ తాగుతుంటే రీక్కా వచ్చింది. చేతిలో ఆ సంచీ.

"మావయ్యా, కైసలంపిలో పైక్‌లకి ముళ్ళు ఊడిపోయాయా?"

కలెర్వో కెటిల్ వైపు తిరిగాడు.

"తోలూ లేదు. నాలుగు పక్కలా చెక్కినట్టుంది. తీగబుట్టలో ఇటుకలు పడుతున్నాయా?"

నాకు నవ్వొచ్చింది. అతని వీపు చూసి ఆపుకున్నాను.

"దుకాణంలో హిల్కా అడుగుతోంది. మీ మావయ్య వారం వారం ముళ్ళు తీసిన పెట్టె చేప కొంటున్నాడు, పళ్ళు కదిలిపోయాయా పాపం అని. నెలన్నరగా నా పిడికి తగిలిస్తున్నది దుకాణం చేపేనా?"

"తినడానికి బాగానే ఉందిగా."

"బాగుంది. ఎందుకు?"

బల్ల మీద చక్కెర డబ్బా కింద ఒక ఉత్తరం ఉంది. మూడు రోజుల కిందట వచ్చింది. నాకు చూపించాడు, నేను చదివి డబ్బా కిందే పెట్టేశాను. ఐదు పైక్‌లలో మూడు అమ్మకానికి పనికిరావని, అంత పాదరసం ఉందని. కలెర్వో దాన్ని తీసి రీక్కాకి ఇచ్చాడు. ఆమె నిలబడే చదివింది, కుర్చీ వీపు పట్టుకుని.

"ఇది మన సరస్సా?"

"మనదే."

"నువ్వు తినమన్నావు."

"అన్నాను."

"నర్సు అడిగితే తినట్లేదని అబద్ధం చెప్పాను నేను. మా మావయ్యకి తెలియదా అని."

కెటిల్‌లో నీళ్ళు మరిగాయి. ఎవరూ దించలేదు.

"పైన ఏమీ లేదన్నావు. ఫ్యాక్టరీ లేదన్నావు."

"ఫ్యాక్టరీ లేదు," అన్నాడు కలెర్వో. "నేను తోలాను."

అప్పుడు చెప్పాడు. చలి రాని రాత్రి, చువ్వ, వాగు, పదహారు విడతలు. రోడ్డు మీంచి కనపడే ముప్పై అడుగులు పూడ్చిన సంగతి కూడా చెప్పాడు. అది నేను చూశానని అతనికి తెలియదు. పరిశోధకురాలితో ఏమన్నాడో చెప్పాడు. మొత్తం చెప్పడానికి కాఫీ చల్లారేంత సేపు పట్టలేదు. మండలు పరచాల్సింది ఎవరో చెప్పలేదు. నేను అదే బల్ల దగ్గర ఉన్నాను. కప్పులో మిగిలిన కాఫీ తాగాను.

"ఊళ్ళో నీ పేరు చెప్పుకుని తిరిగేదాన్ని," అంది రీక్కా. "మా మావయ్య బండి తోలితే చీమ కూడా లేవదని."

సంచీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. గడ్డకట్టిన చేప కరిగి నీళ్ళు బల్ల అంచు నించి నేల మీదికి కారాయి. కలెర్వో గుడ్డ తెచ్చి తుడిచాడు. తుడిచినచోటే చాలాసేపు తుడిచాడు.

"నా పేరెందుకు చెప్పలేదు?" అని అడగాల్సింది నేను. "బయల్దేరతా మరి," అన్నాను.

*

రీక్కా ఆసుపత్రికి పోయి నర్సుకి నిజం చెప్పింది. జుట్టు నాలుగు పోగులు కత్తిరించి పరీక్షకి పంపించారు. జవాబు రావడానికి మూడు వారాలన్నారు.

ఆ మూడు వారాల్లో కలెర్వో తీగబుట్ట సరస్సులోంచి తీసి కొట్టం గోడకి తగిలించాడు. తను చేప పంచిన ఇళ్ళన్నిటికీ నడిచి వెళ్ళాడు. ఈసారి తలుపు కొట్టాడు. మీర్యాకి ఫోన్ చేశాడు. ఆ సంగతి ఆమే నాకు తర్వాత చెప్పింది.

"నేనే తోలాను. మొయిలనెన్. రాసుకో."

"పేరు అక్కర్లేదండీ. నేల గడ్డకట్టి ఉందా, మండలు ఉన్నాయా, ఎన్నిసార్లు దాటారు, అంతే కావాలి."

"లేదు. లేవు. పదహారు. పేరు కూడా రాసుకో."

సెప్టెంబరు చివర ఒక మధ్యాహ్నం రీక్కా టాక్సీ అతని గేటు ముందు ఆగింది. మేమిద్దరం కట్టెలు పేరుస్తున్నాం. ఆమె దిగలేదు, అద్దం దించింది. వెనక సీట్లో ఇద్దరు బడి పిల్లలు మమ్మల్ని చూస్తున్నారు.

"ఎక్కువే ఉందట. భయపడేంత లేదట. ఇక తినకూడదట."

"బిడ్డకి?"

"ఏమీ కాదని రాసిస్తారేమో అడిగాను. అలా రాసివ్వరట. చూస్తూ ఉంటారట, పుట్టాక కూడా."

కలెర్వో చేతిలో కట్టె అలాగే ఉంది.

"పడవల రేవు దగ్గర బోర్డు పెట్టు," అంది రీక్కా. "నీ చేత్తో. పేరుతో. దక్షిణాది వాళ్ళు అని ఎవరూ అనుకోకూడదు."

అద్దం ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

బోర్డు పైన్ చెక్క. అతనే చిత్రిక పట్టాడు. నల్ల రంగుతో పెద్ద అక్షరాలు. ఈ సరస్సులో పైక్ చేప తినకండి. కడుపుతో ఉన్నవాళ్ళు, చిన్న పిల్లలు అసలు తినకండి. పైనున్న వాలులో మార్చి నెలలో, నేల గడ్డకట్టకుండా, వాగులోంచి పదహారు సార్లు బండి తోలాను. కలెర్వో మొయిలనెన్.

పేరు కింద ఒక వరస ఖాళీగా ఉంది. చెక్క పెద్దది దొరికిందేమో అనుకున్నాను. కాని కలెర్వో చెక్క కొలత తప్పడు.

ఆ అక్టోబరులో వేటగాళ్ళ సంఘం ఎప్పటిలాగే ఊరందరికీ దుప్పి మాంసం చారు పెట్టింది. కలెర్వో వచ్చి బల్ల చివర కూచున్నాడు.

"ఏం కలెర్వో, చువ్వ పాత ఇనుముకి అమ్మేశావా?" అని ఒకడు.

"చారులో పాదరసం చూసి తాగండ్రోయ్, మొయిలనెన్ ఏ వైపు నించి వచ్చాడో," అని ఇంకొకడు.

అతను చారు పూర్తిగా తాగాడు. గిన్నె తనే కడిగి పెట్టాడు. వాళ్ళు నవ్విన నవ్వులో నేనూ కొంచెం నవ్వాను. నవ్వకపోతే ఎవరైనా నా వైపు చూస్తారేమోనని.

శీతాకాలం పన్లోకి అతన్ని ఎవరూ పిలవలేదు. నన్ను పిలిచారు. కొత్త మనిషి దుంగల బండి మీద నా వెనక వచ్చాడు. కుప్పలు వెయ్యమని కాయితంలో ఉన్నా మెత్తటి చోట్ల మండలు పరిచాను. కంపెనీ మనిషి ఫోన్ చేసి అరిచాడు. అరవనిచ్చాను. అదేదో గొప్ప పని చేశానని రెండు రోజులు అనిపించింది. తర్వాత అనిపించలేదు.

రీక్కాకి నవంబరు చివర ఆడపిల్ల పుట్టింది. గట్టిగానే ఏడ్చిందట. నామకరణానికి కలెర్వోని పిలిచింది. అతను గుమ్మం పక్క కుర్చీలో కూచుని, పాపని ఎవరు ఎత్తుకుంటే వాళ్ళ చేతుల వంక చూస్తున్నాడు. తనకి ఇవ్వమని అడగలేదు. రీక్కా ఇవ్వలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, "మావయ్యా, ఆదివారం రా, కట్టెలు కొట్టాలి," అంది.

*

ఏప్రిల్‌లో, సరస్సు మీద మంచు ఇంకా ఉండగా, నేను వడ్రంగి పెన్సిలు జేబులో పెట్టుకుని రేవుకి వెళ్ళాను. అంతకు ముందు మూడుసార్లు వెళ్ళాను. ప్రతిసారీ ఎవరో ఒకరు కనపడేవారు, లేదా ఎవరూ కనపడేవారు కారు. రెండూ తిరిగి రావడానికి సరిపోయేవి.

ఈసారి కలెర్వో అక్కడే ఉన్నాడు. పడవ బోర్లించి పాత రంగు గీకుతున్నాడు. నన్ను చూసి తల ఊపి మళ్ళీ గీకుడు మొదలుపెట్టాడు. నేను బోర్డు ముందు వంగి ఆ ఖాళీ వరసలో రాశాను. మండలు పరచాల్సింది నేను. అడిగినా పరచలేదు. ఎస్కో కర్పినెన్.

అక్షరాలు చిన్నగా పడ్డాయి. కావాలనే చిన్నగా రాశానేమో.

గీకుడు ఆగింది. అతను వచ్చి నా పక్కన నిలబడ్డాడు. చదివాడు. బొటనవేలితో నా పేరు మీద రుద్దాడు. పేరు మసకబారింది.

"పెన్సిలు వానకి పోతుంది," అన్నాడు.

పడవ దగ్గరికి పోయి నల్ల రంగు డబ్బా, సన్నటి కుంచె తెచ్చి నా చేతికిచ్చాడు. మూత అప్పటికే తీసి ఉంది. నేను రాస్తున్నంతసేపూ అతను నా వైపు చూడకుండా సరస్సు వైపు తిరిగి నిలబడ్డాడు. మంచు మీద అక్కడక్కడ నీళ్ళు నిలిచి ఉన్నాయి.